తరువాతి పంక్తి

గత రబీవుల్ అవ్వల్ మాసంలో మా చెల్లెలి కుమార్తె ఒక సాయంత్రం నోటుపుస్తకం పట్టుకొని మా వద్దకు వచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతున్న ఆ అమ్మాయి, తమ పట్టణంలో జరగబోయే సీరత్ వక్తృత్వ పోటీ కోసం తెలుగులో ఒక ప్రసంగం రాసుకుంది. అంశం ఇస్లాంలో విద్యకున్న స్థానం. జ్ఞానార్జన కొరకు చైనా దేశమైనా సరే వెళ్ళమని దైవప్రవక్త (స) బోధించారన్న మాటతో ప్రసంగాన్ని ప్రారంభించింది. అయితే నిర్వాహకులు ఈసారి ఒక నియమం పెట్టారట. ప్రసంగంలో ఏ హదీసును ప్రస్తావించినా అది ఏ గ్రంథంలో ఉందో పక్కన రాసి ఇవ్వాలి.

"మామూ, ఇది ఏ కితాబులో ఉంది? ఫోనులో ఎక్కడ చూసినా ఈ మాట కనిపిస్తోంది గానీ కితాబు పేరు మాత్రం ఎవరూ రాయలేదు" అన్నది.

మేము నవ్వి, "ఇంత ప్రసిద్ధమైన మాటకు కితాబు పేరు ఎందుకమ్మా? అందరికీ తెలిసినదే కదా!" అన్నాము.

"అందరి సంగతి నాకు తెలియదు. నేను మాత్రం మీ జుమా ప్రసంగంలోనే విన్నాను."

నిజమే. జుమా ప్రసంగాలలో, నికాహ్ సభలలో, మదర్సా జల్సాలలో ఇరవై ఏళ్ళకు పైగా మేము ఆ మాట చెబుతూ వచ్చాము. హదీసు శాస్త్రం పరిభాషలో చెప్పాలంటే ఆ అమ్మాయి సనదులో ఆమెకు పైన ఉన్న ఉల్లేఖకులం మేమే. మాకు పైన ఎవరున్నారో మాకే గుర్తు లేదు.

మదర్సా కార్యాలయంలోని కంప్యూటరులో మక్తబా షామిలా ఉంది. వేలాది అరబీ గ్రంథాలను ఒక్కచోట చేర్చిన ఈ ఉచిత గ్రంథాలయాన్ని మదర్సాలలో ఎరుగని వారు నేడు అరుదు. మూడు అరబీ పదాలు టైపు చేశామో లేదో, ఆ మాట ఉన్న గ్రంథాల జాబితా తెర మీద బారులు తీరింది. అందులో ఇమామ్ బైహఖీ (రహ్మ) గారి షుఅబుల్ ఈమాన్ కనిపించగానే మా మనసు కుదుటపడింది. "రాసుకో! ఇమామ్ బైహఖీ, షుఅబుల్ ఈమాన్" అన్నాము. అమ్మాయి రాసుకుంది. రాసుకున్న తరువాత తెర మీద వేలు పెట్టి, "ఈ కింది పంక్తిలో ఏముంది మామూ?" అని అడిగింది.

ఆ అమ్మాయికి అరబీ భాష రాదు. ఖుర్ఆన్ పారాయణం చేస్తుంది గనుక అక్షరాలు మాత్రం వచ్చు. కింది పంక్తిలో ఒక పదాన్ని కూడబలుక్కొని చదివింది. "జయీఫ్ అని ఉంది. నానీమా గురించి అందరూ అనే మాటే కదా ఇది?" అన్నది. మా అమ్మగారికి వయసు మీద పడింది. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ చాలా జయీఫ్ అయిపోయారని ఉర్దూలో అంటూ ఉంటారు. బలహీనమైపోయారని అర్థం.

అవును, అదే పదం. ఇమామ్ బైహఖీ (రహ్మ) ఆ ఉల్లేఖనం నమోదు చేసి, ఆ వెంటనే తరువాతి పంక్తిలో తమ తీర్పు రాశారు. ఆ మాట జనంలో ప్రసిద్ధమే గాని దాని సనదు బలహీనమైనదని, ఇతర మార్గాలలో వచ్చిన ఉల్లేఖనాలు కూడా బలహీనమైనవేనని ఆ తీర్పు సారాంశం. ముప్ఫై ఏళ్ళుగా అరబీ బోధిస్తున్న మేము ఆ పంక్తిని చదవలేదు. చదవడం రాక కాదు, మాకు కావలసినది పై పంక్తిలోనే దొరికినందువల్ల.

ఇంకొంచెం కిందికి వెళ్ళి చూస్తే ఇబ్నె జౌజీ (రహ్మ) గారి అల్ మౌజూఆత్ కనిపించింది. ప్రవక్త (స) పేరిట పుట్టించిన కల్పిత ఉల్లేఖనాలను జనం గుర్తుపట్టి దూరంగా ఉండాలని ఏర్చి కూర్చిన గ్రంథమది. కల్పిత హదీసులను గురించి ఇలాంటి సంకలనాలు పూర్వ విద్వాంసులు చాలానే రాశారు. దొంగల ఫొటోలు పోలీసు స్టేషనులో గోడకు అతికించినట్లన్న మాట. కాని వెతికే యంత్రానికి ఈ తేడా తెలియదు. సహీహ్ బుఖారీని చూపించినట్లే అల్ మౌజూఆత్‌నూ చూపిస్తుంది. అరబీ వచ్చిన వ్యక్తే తొందరపడి ఆ పేజీని ఫొటో తీసి, 'ఇదిగో ఇబ్నె జౌజీ గ్రంథంలో ఉంది' అని పది గ్రూపులకు పంపితే, అరబీ రాని పాఠకుడు ఎలా కనిపెట్టగలడు? పుస్తకమూ నిజమైనదే, పేజీ సంఖ్యా నిజమైనదే. ఆ పేజీ ఏ ఉద్దేశంతో రాయబడిందన్న సంగతి ఒక్కటే ఆ ఫొటోలో ఉండదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. లేచి, ఆ సనదులోని వ్యక్తులు ఎవరో వెతకసాగాము. హజ్రత్ అనస్ (రజి) పేరు మీదుగా దీనిని ఉల్లేఖించిన వ్యక్తి అబూ ఆతికా అనే ఆయన. ఉల్లేఖకుల జీవిత వివరాల కోసం హదీసు విద్యార్థులు తెరిచే ప్రధాన గ్రంథాలలో హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) గారి తహ్‌జీబుత్ తహ్‌జీబ్ ఒకటి. అబూ ఆతికా ఉల్లేఖనాలు తిరస్కరించదగినవని ఇమామ్ బుఖారీ (రహ్మ) అన్నట్లు హదీసు విద్వాంసులు నమోదు చేశారు.

తహ్‌జీబుత్ తహ్‌జీబ్ ప్రస్తావన వచ్చింది గనుక పాఠకులు సంతోషించదగిన సంగతి ఒకటి చెబుతాము. పన్నెండు సంపుటాల ఈ గ్రంథం మొదట అచ్చయింది కైరోలోనో, బేరూత్‌లోనో కాదు, మన హైదరాబాదులో. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హిజ్రీ 1325 నుండి 1327 వరకు, అనగా 1907-1909 ప్రాంతంలో, దీనిని ప్రచురించింది. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, మౌలానా అన్వారుల్లా గార్లు ఆ సంస్థకు ప్రాణం పోశారు. ఎక్కడెక్కడి రాతప్రతులనో తెప్పించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, తప్పులు దిద్ది, సీసపు అక్షరాలు పేర్చి వారు ముద్రించిన గ్రంథాలను తరువాత అరబ్బు దేశాలలో ఫొటో తీసి తిరిగి అచ్చువేసుకున్నారు. ఇమామ్ బైహఖీ (రహ్మ) గారి అస్సుననుల్ కుబ్రా పది సంపుటాలు కూడా అక్కడ అచ్చయినవే. నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న ఆ సంస్థ ముందు నుండి రోజూ సాగిపోయే వారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో! ఆ పాత ముద్రణల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా తెరిచి చూడవచ్చు. వంద సంవత్సరాల క్రితం హైదరాబాదు పండితులు దిద్దిన పేజీని నేడు ఆదోనిలోనో, నిజామాబాదులోనో ఒక ఇంటి వరండాలో కూర్చొని ఫోనులో చదవవచ్చు. డిజిటల్ యుగాన్ని నిందించే వారి వరుసలో మేము చేరకపోవడానికి ఇదొక కారణం.

మా విద్యార్థి దశలో ఒక హదీసు ఎక్కడుందో కనుక్కోవడం చిన్న పని కాదు. అల్ ముఅజముల్ ముఫహ్రస్ అనే పెద్ద పదసూచిక ఉండేది. లైడెన్ నగరంలో అచ్చయిన ఆ సంపుటాలు మా మదర్సా గ్రంథాలయంలో అలమారాలో తాళం వేసి ఉండేవి. తాళంచెవి నాజిమ్ సాహెబ్ గారి వద్ద. హదీసులోని ఒక పదాన్ని ఎంచుకొని, దాని మూల ధాతువు కనిపెట్టి, ఆ ధాతువు కింద మనకు కావలసిన వాక్యం ఎక్కడుందో పట్టుకొని, అది చూపిన గ్రంథం, అధ్యాయం వెతుక్కుంటూ వెళ్ళాలి. అసర్ నమాజు తరువాత మొదలుపెడితే మగ్రిబ్ అజాన్ వినిపించేది. ఆ శ్రమ గొప్పదని, నేటి సౌకర్యం చెడ్డదని మేము అనబోము. ఆ శ్రమలో సగం కేవలం మెట్లు ఎక్కి దిగడమే. కాని గ్రంథం తెరిచి అధ్యాయం మొత్తం తిరగేస్తేనే కావలసినది దొరికేది గనుక, దాని వెనుకా ముందూ ఉన్నవి కూడా కంటపడేవి. తరువాతి పంక్తిని చదవకుండా తప్పించుకునే వీలు లేదు.

తెలుగు మాత్రమే చదవగలిగిన కుటుంబాల పరిస్థితి మరోలా ఉంది. మన ఇళ్ళలో తాతగారి ఉర్దూ పుస్తకాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, మనవళ్ళకు ఆ లిపి రాదు. మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ, చదువుకునేది తెలుగు లేక ఇంగ్లీషు. వారు ధర్మాన్ని గురించి తెలుసుకోవాలంటే తెలుగులోనే వెతకాలి. అందుకే మరునాడు మా మేనకోడలి ఫోనులో ఆ చైనా మాటనే తెలుగులో టైపు చేసి చూశాము. గులాబీ పువ్వులు, మసీదు గుమ్మటాలు, నెలవంక బొమ్మల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో అదే మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఇది బలహీనమైనదన్న హెచ్చరిక మొదటి పేజీలో ఒక్కచోట కూడా కనబడలేదు.

తెలుగులో ఇస్లామీ పుస్తకాలు లేవా? ఉన్నాయి. ఎన్నో ఏళ్ళుగా ఎందరో ఓపికగా అనువదించి, సొంత డబ్బు పెట్టి అచ్చువేయించినవి ఉన్నాయి. మరి అవెందుకు కనిపించలేదు? డి.టి.పి. పని చేసే మా పూర్వ విద్యార్థి ఒకరు కారణం వివరించారు. మన తెలుగు పుస్తకాలు, పత్రికలు అనేక సంవత్సరాలు అను ఫాంట్లలో కంపోజు చేయబడ్డాయి. ఆ ఫాంటులో మన కంటికి తెలుగు అక్షరం కనిపించినా, కంప్యూటరు లెక్కలో అది ఏదో ఒక ఇంగ్లీషు అక్షరమో, గుర్తో మాత్రమే. అంతకు ముందటి పాత పుస్తకాలైతే స్కాన్ చేసిన బొమ్మలు. ఈ రెంటినీ వెతికే యంత్రం మామూలుగా చదవలేదు. ఫోనులో వేళ్ళతో టైపు చేసిన సందేశాలు మాత్రం యూనికోడ్‌లో ఉంటాయి. వాటిని ఇట్టే పట్టుకుంటుంది. అంటే పదేళ్ళు శ్రమించి రాసిన గ్రంథం కనుమరుగై, పది క్షణాలలో పంపిన ఫార్వర్డు ముందు వరుసలో నిలుస్తుంది. యంత్రం చూపించలేదు గనుక తెలుగులో ఏమీ లేదని మన పిల్లలు అనుకుంటారు.

దీనికి తోడు మన రాతలోని వైవిధ్యం ఒకటి. ఖుర్ఆన్, ఖురాన్, ఖురాను, కురాను అని నాలుగు విధాలుగా రాస్తాము. రంజాన్, రమజాన్, రమదాన్. వుజూ, ఉదూ. ఒక రూపంలో వెతికినవారికి మరో రూపంలో రాసిన పుస్తకం దొరకకపోవచ్చు. ఒక పదం దొరకకపోతే దానిని మరో రెండు మూడు విధాలుగా రాసి వెతకండి. ప్రచురణకర్తలు, రచయితలు తమ వద్ద ఉన్న పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్పించి ఉంచితే, కొత్త పుస్తకం రాసినంత పుణ్యమని మా అభిప్రాయం. దీనికి గొప్ప పాండిత్యం అవసరం లేదు. అక్షరదోషాలు దిద్దే ఓపిక ఉన్న యువతీ యువకులు చాలు.

హదీసు సంఖ్యల విషయంలోనూ ఒక చిక్కు ఉంది. సంఖ్య ఇచ్చారంటే నిజమేనని నమ్మేస్తాము. జ్ఞానం కోసం ఒక దారి పట్టి నడిచిన వ్యక్తికి అల్లాహ్ స్వర్గపు దారి సులభం చేస్తాడన్న భావం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇది ఫువాద్ అబ్దుల్ బాఖీ గారి లెక్క ప్రకారం 2699, మరో ప్రచురణలో 6853. రెండూ సరైనవే, లెక్కించిన పద్ధతులు వేరు. కాబట్టి సంఖ్యతో పాటు అధ్యాయం పేరు కూడా అడగడం మంచిది. ఈ మధ్య ప్రశ్న అడిగితే తామే వాక్యాలు అల్లి జవాబిచ్చే యంత్రాలు కూడా వచ్చాయి. మా మేనకోడలు అటువంటి ఒకదానిని అడిగితే, ఏ తడబాటూ లేకుండా ఒక గ్రంథం పేరు, ఒక సంఖ్య చెప్పింది. తెరిచి చూస్తే ఆ సంఖ్య వద్ద ఉన్నది ఉపవాసాన్ని గురించిన మరో హదీసు! మనిషి అయితే తెలియనప్పుడు కనీసం ఒక్క క్షణం నసుగుతాడు.

ఎవరైనా ఒక వార్త తెస్తే దానిని విచారించి నిర్ధారించుకోమన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా ఆరవ వాక్యంలో ఉంది. వాట్సాప్ పుకార్లను గురించి మాట్లాడేటప్పుడు మేము దానిని తరచుగా ప్రస్తావిస్తాము. నిజం చెప్పాలంటే, ఇతరులు పంపిన వార్తలకే దానిని అన్వయించాము తప్ప, మా నోటి నుండి వెలువడే మాటకు అన్వయించుకోలేదు.

చైనా మాట తీసేస్తే ప్రసంగానికి ప్రారంభం పోయిందని మా మేనకోడలు దిగులుపడింది. "ప్రయాణం చేసి చదువుకోవడాన్ని గురించి నిజంగా జరిగినది ఏదీ లేదా మామూ?" అని అడిగింది. ఈసారి మేము ఫోను గాని, కంప్యూటరు గాని ముట్టలేదు. సహీహ్ బుఖారీని తీసి జ్ఞానాధ్యాయం తెరిచాము. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసు కోసం నెల రోజులు ప్రయాణించి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) వద్దకు వెళ్ళారని అక్కడ క్లుప్తంగా ఉంది. అదే సంఘటన ఇమామ్ బుఖారీ (రహ్మ) గారి అల్ అదబుల్ ముఫ్రద్‌లో వివరంగా ఉంది. ప్రళయదినాన జరిగే న్యాయ విచారణను గురించి ఒక హదీసు ఫలానా వ్యక్తి వద్ద ఉందని జాబిర్ (రజి)కి తెలిసింది. ఆ మాట అప్పటికే మరొకరి ద్వారా ఆయన చెవిన పడింది. అది చాలదనుకున్నారు. ఒక ఒంటెను కొని, జీను బిగించి, నెల రోజులు నడిపించి షామ్ దేశం చేరారు. తలుపు వద్ద నిలబడి, జాబిర్ వచ్చాడని కబురు పంపారు. లోపలి నుండి ఆయన బయటికి వచ్చి ఆలింగనం చేసుకున్నారు. ఆ హదీసు వినకముందే మనలో ఎవరో ఒకరం మరణిస్తామేమోనని భయపడి వచ్చానని జాబిర్ (రజి) చెప్పారు.

అమ్మాయి ఈ వృత్తాంతాన్ని తన మాటల్లో రాసుకుంది. గ్రంథం పేరు పక్కన రాసింది. తాను రాసిన చివరి వాక్యం తరువాత పుస్తకంలో ఇంకా ఏమైనా ఉందా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఉన్నది మొత్తం చదివి వినిపించాము. చదవడం ముగిసేసరికి ఇషా నమాజు వేళయింది. ఆమె ఫోను ఆ గంటన్నర సేపూ కిటికీ గట్టు మీదే ఉంది.

ఆ తరువాతి శుక్రవారం మేము మింబర్ మీద నిలబడి, ఇరవై ఏళ్ళుగా చెబుతూ వచ్చిన ఆ మాట ప్రవక్త (స) చెప్పినట్లు రుజువు కాలేదని, ఇకపై ఆయన పేరుతో దానిని చెప్పవద్దని జమాత్‌కు విన్నవించాము. పొరపాటు మాదేనని చెప్పాము. చెప్పేటప్పుడు గొంతు కొంచెం తడబడింది. నమాజు తరువాత యువకులు కొందరు ఫోనులు తీసి తమ పాత సందేశాలు తుడిచివేయడం కనిపించింది. ఒక పెద్దాయన మాత్రం కదలకుండా సఫ్‌లోనే కూర్చున్నారు. పూర్వం పశువుల సంతల్లో వ్యాపారం చేసినవారు. మేము దగ్గరకు వెళ్ళగానే, "మౌలానా, మా నాన్న ఈ మాట చెప్పే నన్ను బడిలో వేశాడు. మా వీధిలో మొదట బడికి వెళ్ళినవాణ్ణి నేనే. ఇప్పుడు ఆయన చెప్పింది అబద్ధమంటారా?" అన్నారు.

మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన పక్కనే కూర్చున్నాము. మీ నాన్నగారు మిమ్మల్ని బడికి పంపడం సత్కార్యమేనని, విద్య నేర్వడం ప్రతి ముస్లింకూ విధి అన్న భావం గల ఉల్లేఖనం ఇబ్నె మాజాలో వేరుగా ఉందని, దాని సనదుల మీద కూడా విద్వాంసుల మధ్య చర్చ ఉన్నదని చెప్పాము. ఆయనకు ఈ చర్చ అంతగా రుచించలేదు. అప్పుడు హజ్రత్ జాబిర్ (రజి) వృత్తాంతం మొదటి నుండి చెప్పాము. కళ్ళు మూసుకొని చివరిదాకా విన్నారు.

"నెల రోజుల ప్రయాణానికి పనికొచ్చే ఒంటె అంటే మంచి జాతిదే అయి ఉంటుంది. ఎంతకు కొన్నారట?" అని అడిగారు.

మేము చూసిన ఉల్లేఖనంలో ధర రాసి లేదని చెప్పాము.